కొంచెం సర్దుకుంటారా?

పోయినేడాది ఏప్రిల్ చివర్లో ఒక శనివారం సాయంత్రం. స్కూలు ఖాళీ అయిపోయింది. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి, తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్ళాడు. నేను స్టాఫ్‌రూమ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని మూడు ఎర్ర గీతల వంక చూస్తున్నాను. ఒక్కో గీత ఒక్కో పిల్ల, లేదా పిల్లాడు.

నేను హైదరాబాద్‌లో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో లెక్కలు చెప్తాను. లెక్కలు వచ్చినవాడికి టైమ్‌టేబుల్ కూడా వచ్చేస్తుందని మేనేజ్‌మెంట్ నమ్మకం. కాబట్టి ఆరేళ్ళుగా అదీ నా నెత్తి మీదే ఉంది. చిన్న క్లాసులతో ఇబ్బంది లేదు, అందరికీ అవే సబ్జెక్టులు. తలనొప్పంతా పదకొండో తరగతితోనే. ఇంగ్లిష్ అందరికీ ఉంటుంది, మిగతా నాలుగూ ఎవరికి వాళ్ళు ఎంచుకోవాలి. ఆ ఏడాది 168 మంది ఫారాలు నింపారు. సాఫ్ట్‌వేర్ వాటిని మింగి, రెండు నిమిషాలు గిరగిరా తిరిగి, 165 మందికి అడిగినవన్నీ ఇచ్చేసింది. ముగ్గురు మిగిలారు. పైన ఆకుపచ్చ అక్షరాల్లో 98.2 శాతం అని వేసింది.

98.2 అంటే మన ఇళ్ళల్లో స్వీట్లు పంచుతారు. నేనూ ఒక స్క్రీన్‌షాట్ తీసి ప్రిన్సిపల్ మేడమ్‌కి వాట్సాప్ చేశాను. ఆవిడ వెంటనే బొటనవేలు బొమ్మ పంపారు. మిగిలిన 1.8 గురించి ఏడాదిగా ఆలోచిస్తున్నాను.

అసలు ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ఒక పిల్ల ఒకే పీరియడ్‌లో రెండు గదుల్లో ఉండలేదు. టైమ్‌టేబుల్ శాస్త్రం మొత్తం ఈ ఒక్క వాక్యం మీదే నిలబడింది. అందుకని సబ్జెక్టుల్ని నిలువు వరసలుగా పేరుస్తాం. మొదటి వరసలో ఫిజిక్స్, అకౌంట్స్, హిస్టరీ. రెండో దాంట్లో కెమిస్ట్రీ, బిజినెస్ స్టడీస్, పొలిటికల్ సైన్స్. మూడో దాంట్లో బయాలజీ, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్. నాలుగో దాంట్లో మాథ్స్, సైకాలజీ, ఫిజికల్ ఎడ్యుకేషన్, తెలుగు. ఒక్కో వరస నుంచి ఒక్కటి తీసుకోవచ్చు. ఒకే వరసలో ఉన్నవన్నీ ఒకే టైమ్‌కి జరుగుతాయి కాబట్టి రెండు తీసుకోలేరు. అంటే ఫిజిక్స్, హిస్టరీ రెండూ కావాలనుకునే పిల్ల మా స్కూల్లో పుట్టదని మేం ముందే నిర్ణయించేశాం. ఎందుకంటే అంతకుముందు ఏడాది ఎవరూ అలా అడగలేదు. అడగకపోవడానికి కారణం, వరసలు అప్పుడూ అలాగే ఉన్నాయి.

ఇది మన ఇంటర్మీడియట్ గ్రూపుల కథే. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ, ఎంఈసీ. మూడేసి అక్షరాలు. గదులూ లెక్చరర్లూ పీరియడ్లూ సరిపోవడానికి కట్టిన మూటల్లాంటివి ఇవి. మనం మాత్రం వాటిని మనుషుల స్వభావాలు చేసేశాం. "వాడు ఎంపీసీ అండీ" అంటే గోత్రం చెప్పినట్టే. నన్ను ఎంపీసీలో వేసిన రోజు మా నాన్న నన్ను ఏమీ అడగలేదు. నాకు హిస్టరీ ఇష్టమని అప్పటికి నాకే తెలియదు. పెళ్ళయ్యాక హంపి వెళ్ళినప్పుడు తెలిసింది.

2020 జాతీయ విద్యా విధానం సైన్సుకీ ఆర్ట్స్‌కీ మధ్య గట్టి గోడలు ఉండకూడదంది. మంచి మాటే. ఆ మాట వచ్చినప్పటి నుంచి మా స్కూలు ఫ్లెక్సీ మీద "మీకు నచ్చిన కాంబినేషన్" అని పెద్ద అక్షరాలతో రాస్తున్నారు. ఫ్లెక్సీకి నాలుగు వరసల సంగతి తెలియదు.

ఇక ఆ మూడు గీతలు. సైకాలజీ 43 మంది అడిగారు. గదిలో సీట్లు 40. టీచర్ ఒక్కరే, సెక్షన్ ఒక్కటే, ప్రాక్టికల్స్ ఉంటాయి. ముగ్గురి కోసం ఇంకో సెక్షన్ తెరవరు. ఆ మాట మేనేజ్‌మెంట్‌ని అడగాల్సిన పని కూడా లేదు. కాబట్టి ముగ్గురు తప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ ముగ్గురి పేర్లు చూపించి, వీళ్ళని రెండో ఎంపికకి మార్చమంటారా అని అడిగింది. కింద "అడ్జస్ట్" అని ఒక బటన్.

నలభై ముగ్గురిలో ముగ్గురిని వదలడానికి 12,341 దారులు ఉన్నాయి. మాథ్స్ మాస్టారిని కదా, లెక్క వేశాను. అన్నిటికీ 98.2 శాతమే వస్తుంది. మరి ఈ ముగ్గురినే ఎందుకు చూపించింది? ఆ రాత్రి నేను అడగని ప్రశ్న అది. కంప్యూటర్ ఒక సమాధానం ఇస్తే అది ఉన్న ఒకే ఒక్క సమాధానం అనుకోవడం మనకి అలవాటు. దానికి దొరికిన మొదటిది అది, అంతే. టైమ్‌టేబుల్ సమస్యల్లో చాలావాటిని గ్యారంటీగా, త్వరగా పరిష్కరించే పద్ధతి ఎవరికీ తెలియదు. అవి ఎన్‌పీ-కంప్లీట్ అని 1970ల్లోనే నిరూపించారు. అందుకే ఈ ప్రోగ్రాములు మనం ఇచ్చిన కొన్ని అంకెల్ని పట్టుకుని, ఖర్చు తక్కువగా కనిపించే వైపు పాక్కుంటూ వెళ్తాయి.

ఆ అంకెలు ఇచ్చింది నేనే. సెట్టింగ్స్‌లో ఒక చోట ఉంటుంది. విద్యార్థిని రెండో ఎంపికకి మారిస్తే ఎంత నష్టం? నేను 1 కొట్టాను. రెండో ఎంపిక అసలు రాయని విద్యార్థిని కదిపితే ఎంత నష్టం? 10 కొట్టాను. అప్పుడది నాకు చాలా సబబుగా అనిపించింది. వేరే ఏదైనా ఫరవాలేదన్న పిల్లని కదపడం, ఇదొక్కటే కావాలన్న పిల్లని కదపడం ఒకటి కాదు కదా.

ఫారంలో "ఇది దొరక్కపోతే" అని ఒక గడి ఉంటుంది. ఐచ్ఛికం. నలభై ముగ్గురిలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేశారు. కొందరు అక్కడా సైకాలజీ అనే రాశారు. కొద్దిమంది మాత్రం, ఫారంలో గడి ఉందంటే నింపాలనుకునే రకం పిల్లలు, బుద్ధిగా నింపారు. ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి గుండ్రటి చేతిరాతతో ఫిజికల్ ఎడ్యుకేషన్ అని రాసి, పక్కన కామా పెట్టి, లేదా తెలుగు అని కూడా రాసింది. రెండు ప్రత్యామ్నాయాలు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఆ నలభై ముగ్గురిలో అందరికంటే చవగ్గా కదిలే పిల్ల ఆమే.

నేను బటన్ నొక్కాను. సోమవారం ఆ అమ్మాయిని పిలిచి, "సైకాలజీలో సీట్లు అయిపోయాయమ్మా, సాఫ్ట్‌వేర్ నీకు పీఈ ఇచ్చింది" అని చెప్పాను. ఆ వాక్యం ఇప్పుడు మళ్ళీ చూసుకుంటే అందులో నేను ఎక్కడా లేను. సీట్లు వాటంతట అవే అయిపోయాయి. ఇచ్చింది సాఫ్ట్‌వేర్. తెలుగులో ఈ సౌకర్యం బాగా ఉంది. పాలు విరిగిపోయాయి, కప్పు పగిలిపోయింది, సీట్లు అయిపోయాయి. ఆ అమ్మాయి "సరే సార్" అంది. వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేస్తే "మీరెట్ల చెప్తే అట్ల సార్" అన్నాడు. ఆయనకి బాలానగర్‌లో లేత్ మెషీన్ మీద పని. ఫోన్లో ఆ శబ్దం వినిపిస్తూనే ఉంది. పని త్వరగా అయిపోయిందని సంతోషించాను.

ఇంకో విషయం కూడా చెప్పాలి. 12,341 అన్నాను గానీ అది నిజం కాదు. ఈ సాఫ్ట్‌వేర్లలో లాక్ అని ఒకటుంటుంది. ఒక విద్యార్థి పేరు పక్కన చిన్న తాళం బొమ్మ నొక్కితే, ఇక ఎన్నిసార్లు రన్ చేసినా వాళ్ళని కదపదు. మంచి పనికే పెట్టారు దాన్ని. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లకి కింద అంతస్తు క్లాసు ఖాయం చేయాలంటే తాళం వేస్తాం. ఆ సైకాలజీ జాబితాలో అయిదుగురికి తాళాలు ఉన్నాయి. ఇద్దరు మా టీచర్ల పిల్లలు, ఇద్దరు ఆఫీసు నుంచి చీటీ వచ్చినవాళ్ళు, ఒకరు ఎందుకో నాకు గుర్తులేదు. అయిదుగురు పోతే 38 మంది. ముప్ఫై ఎనిమిది మందిలో ముగ్గురంటే 8,436 దారులు. దాదాపు నాలుగు వేల దారులు, ఎవరికీ తెలియకుండా, అయిదు క్లిక్కుల్లో మూసుకుపోయాయి. మిగిలినవాళ్ళ మధ్య మాత్రం యంత్రం ఏ పక్షపాతమూ చూపించదు. పిల్లల పేర్లు చదివి నవ్వదు, ముఖం మాడ్చదు. తాళాలు వేయడం అయ్యాక మొదలయ్యే నిష్పాక్షికత అది.

జూన్‌లో స్కూలు తెరిచాక రెండో వారం ప్రిన్సిపల్ మేడమ్ పిలిచారు. ఒకబ్బాయి, కంప్యూటర్ సైన్స్, మాథ్స్ తీసుకున్నవాడు, అడిగినవన్నీ దొరికినవాడు, ఇప్పుడు మాథ్స్ వద్దు, సైకాలజీ కావాలంటున్నాడు. వాళ్ళ నాన్నగారు చైర్మన్ గారికి ఫోన్ చేశారు. "ఒక్క సీటే కదా మాస్టారూ, కొంచెం అడ్జస్ట్ చేయండి" అన్నారు మేడమ్. నేను స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళి, గది పరిమితి దగ్గర 40 చెరిపి 41 కొట్టాను. అయిదు సెకన్లు కూడా పట్టలేదు. ల్యాబ్ నుంచి ఒక కుర్చీ తెప్పించారు.

ఆ క్షణంలో నాకు ఆ అమ్మాయి పేరు గుర్తు రాలేదు. గుర్తొచ్చి, తప్పని తెలిసి, భయపడి ఊరుకున్నానని రాస్తే ఈ వ్యాసంలో నాకు కొంచెం మర్యాద మిగిలేది. కానీ గుర్తే రాలేదు. సరే సార్ అన్నవాళ్ళు గుర్తుండరు.

టైమ్‌టేబుల్ వేసేవాళ్ళు నిబంధనల్ని రెండు రకాలుగా చెప్పుకుంటారు. గట్టివి, మెత్తవి. ఒక టీచర్ ఒకే టైమ్‌లో రెండు క్లాసులు చెప్పలేదు, అది గట్టిది. ఫిజిక్స్ వరసగా రెండు పీరియడ్లు రాకుండా ఉంటే బాగుంటుంది, అది మెత్తది. గది పరిమితి 40 అన్నది గట్టిదని నేను ఏప్రిల్లో ఒక పిల్లకి చెప్పాను. చెప్పేటప్పుడు నమ్మాను కూడా. జూన్‌లో అది మెత్తబడింది. లేత్ మెషీన్ ముందు గట్టిగానూ, చైర్మన్ గారి ఫోన్ ముందు మెత్తగానూ ఉండే వస్తువుని ఏమనాలి?

ఈ సంగతి మా ఎకనామిక్స్ మేడమ్‌తో చెప్తే ఆవిడ ఆ రెండిటినీ విడదీసింది. "నలభై ఒకటో సీటు సిఫార్సు, అది తప్పే, వదిలెయ్. కానీ ఏప్రిల్లో నువ్వు చేసిందాంట్లో తప్పేముంది? ఆ పిల్లకి పీఈ అన్నా ఇష్టమే అని తనే రాసింది. ఎవరో ఒకరిని కదపాలి. తక్కువ నొప్పి ఉన్నచోటే కదా కదుపుతాం." ఇది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. డాక్టరైనా అలాగే కోస్తాడు. చాలా రోజులు నాకు దీనికి జవాబు దొరకలేదు.

దొరికినంత వరకు ఇది. ఆ గడి నొప్పిని కొలవలేదు. ఎవరు మాట వింటారో కొలిచింది. ఖాళీగా వదిలేసిన అబ్బాయికి సైకాలజీ అంటే ప్రాణం కావచ్చు, లేదా వాడికి ఫారం నింపే ఓపిక లేకపోవచ్చు, లేదా ట్యూషన్లో ఎవరో "రెండోది రాయకురా, రాస్తే అదే ఇస్తారు" అని చెప్పి ఉండొచ్చు. మూడింటికీ నేను 10 ఇచ్చాను. నిజం చెప్పిన పిల్లకి 1.

అమెరికాలోని బోస్టన్ నగరంలో 2005 దాకా ప్రభుత్వ స్కూళ్ళలో పిల్లల్ని కేటాయించే పద్ధతి ఇలాగే ఉండేది. ముందుగా, ఎవరు ఏ స్కూల్‌ని మొదటి ఎంపికగా రాశారో చూసి సీట్లు నింపేవారు. మంచి పేరున్న స్కూల్‌ని నిజాయితీగా మొదట రాసి, అది రాకపోతే, రెండోదిగా రాసిన స్కూలు అప్పటికే దాన్ని మొదట రాసినవాళ్ళతో నిండిపోయేది. తెలిసిన తల్లిదండ్రులు కలుసుకుని మరీ చెప్పుకునేవారట, ఏది మొదట రాయాలో, ఏది రాయకూడదో. తెలియనివాళ్ళు నిజం రాసి నష్టపోయేవారు. ఆర్థికశాస్త్రవేత్తలు దీన్ని లెక్కలతో సహా చూపించాక ఆ ఊరు పద్ధతి మార్చుకుంది. కొత్తదానికి మూలం 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ రాసిన చిన్న పేపర్. షాప్లీకి, ఆ ఆలోచనని స్కూళ్ళ దాకా తెచ్చిన వాళ్ళలో ఒకరైన ఆల్విన్ రాత్‌కి 2012లో నోబెల్ వచ్చింది. ఆ కొత్త పద్ధతిలో నాకు నచ్చేది ఒక్కటే. అందులో మనసులో ఉన్నది ఉన్నట్టు రాసినందుకు ఏ పిల్లా నష్టపోదు.

మన ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లని ఎన్ని తిట్టుకున్నా ఈ ఒక్క విషయంలో అవి మా స్కూలు ఫారం కంటే నయం. ర్యాంకు వరసలో ఒక్కొక్కరి జాబితా తెరుస్తారు, పైనుంచి చూసుకుంటూ ఖాళీ ఉన్న మొదటిది ఇస్తారు. యాభై ఆప్షన్లు పెట్టినవాడికి, యాభై పెట్టాడు కదా ఏదైనా ఫరవాలేదులే అని చివరిది అంటగట్టరు. ర్యాంకే న్యాయమా అన్నది వేరే గొడవ, దానికి ఇంకో వ్యాసం కావాలి.

అడ్జస్ట్ అనే మాటకి మన దగ్గర ఎంత చరిత్ర ఉందో చూడండి. ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీటు దగ్గరికి వచ్చి నాలుగో మనిషి "కొంచెం జరుగుతారా" అంటాడు. ముగ్గురిలో ఎవరిని అడుగుతాడు? మొహం చూసి అడుగుతాడు. పెళ్ళిలో విడిది గదులు చాలకపోతే హాల్లో చాప మీద ఎవరు పడుకుంటారో ముహూర్తం పెట్టకముందే అందరికీ తెలుసు. మా ఇంట్లో మొదటి దోసె ఎప్పుడూ మాడేది, దాన్ని మా అమ్మ తినేది. "నాకు మాడిందే ఇష్టంరా, కరకరలాడుతుంది" అనేది. నేను పాతికేళ్ళ దాకా నమ్మాను. నిజంగానే ఇష్టమేమో కూడా. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది, ఇక అడగడానికి లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. రోజూ మాడిన దోసె తిన్న మనిషికి అదే ఇష్టం అయిపోతే, ఆ ఇష్టాన్ని మనం లెక్కలోకి తీసుకోవాలా, వద్దా?

నార్వే తత్వవేత్త యోన్ ఎల్‌స్టర్ 1983లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. దాని పేరు మన అందని ద్రాక్ష కథే. దొరకనిదాన్ని వద్దనుకోవడం నేర్చుకున్న మనిషి సంతోషాన్ని పట్టుకుని, చూశారా అందరూ సంతోషంగా ఉన్నారు అని లెక్క తేల్చడం ఎంతవరకు సరి అని అడుగుతాడు. అమర్త్య సేన్ కూడా పదేపదే చెప్పే మాట ఇది. లేమికి అలవాటుపడినవాళ్ళు కోరికల్ని కుదించుకుంటారు, ఆ కుదించుకున్న కోరికలు తీరితే న్యాయం జరిగినట్టు కాదు. సెప్టెంబర్లో మేం పిల్లల చేత ఫీడ్‌బ్యాక్ రాయించాం. ఆ అమ్మాయి పీఈకి అయిదుకి అయిదు ఇచ్చింది. ఎకనామిక్స్ మేడమ్ ఆ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది, చూశావా అన్నట్టు.

అప్పటికే నేను ఇంకో కాగితం చూసి ఉన్నాను. ఆగస్టులో పాత ఫారాలన్నీ ఫైల్ చేసి స్టోర్ రూమ్‌కి పంపాలి. ఆ ఫారం అడుగున "ఈ సబ్జెక్టు ఎందుకు?" అని ఒక గడి ఉంటుంది. ఎవరో కౌన్సెలర్ పెట్టించింది. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ గడిని వదిలేస్తాం, అది అంకె కాదు కాబట్టి. చాలామంది "ఇంట్రెస్ట్" అని రాస్తారు. ఆ అమ్మాయి రాసింది ఇది: మా నాయనమ్మ అన్నీ మర్చిపోతోంది, ఎందుకో తెలుసుకోవాలి.

స్టోర్ రూమ్ ముందు మెట్ల మీద కూర్చుండిపోయాను. వెంటనే వెళ్ళి 42 కొట్టేయాలనిపించింది. కొట్టలేదు. అప్పటికి రెండు యూనిట్ టెస్టులు అయిపోయాయి, పాఠాలు చాలా ముందుకు వెళ్ళిపోయాయి. అదొక కారణం. ఇంకోటి చెప్తే మీకు రాతిగుండె అనిపించవచ్చు. ఆ ఒక్క వాక్యం చదివి నేను ఆ పిల్లని లోపలికి తీసుకుంటే, "ఇంట్రెస్ట్" అని మాత్రమే రాయగలిగిన మిగతా ఇద్దరి సంగతేంటి? వాళ్ళ ఇళ్ళల్లో ఏముందో నాకేం తెలుసు? ఫోన్ చేయించగల నాన్న ఉండటం ఒక బలం అయితే, కదిలించే వాక్యం రాయగలగడం ఇంకో బలం. నాలాంటి పుస్తకాలు చదివేవాడికి రెండోదాన్ని సిఫార్సుగా గుర్తుపట్టడం చాలా కష్టం. ఇప్పుడు ఈ వ్యాసంలో కూడా చూడండి, మిగతా ఇద్దరి గురించి నేను ఒక్క ముక్క రాయలేదు.

జాన్ టారెక్ అనే అమెరికన్ తత్వవేత్త 1977లో ఒక వ్యాసం రాశాడు, మనుషుల సంఖ్య లెక్కలోకి రావాలా అని. మందు కొంచెమే ఉంది. ఒకడికి మొత్తం కావాలి, అయిదుగురికి అయిదో వంతు చొప్పున చాలు. ఎవరికివ్వాలి? అందరూ అయిదుగురికే అంటారు. ఆయన నాణెం ఎగరేస్తానంటాడు. అయిదుగురి నష్టాన్ని కలిపి అనుభవించే మనిషి ఎక్కడా లేడు, ఎవరి నష్టం వాళ్ళదే, కాబట్టి ఆరుగురికీ సమానంగా యాభై శాతం అవకాశం ఇస్తాను అంటాడు. నేను ఒప్పుకోను. అయిదుగురు అయిదుగురే. కానీ 98.2 శాతం అనే ఆకుపచ్చ అంకె ముందు కూర్చున్నప్పుడు ఆయన మాట పనికొస్తుంది. ఆ 98.2ని ఏ పిల్లా అనుభవించదు. ఆ మూడు గీతల్లో ఒకటైన పిల్లకి అది సున్నా.

అక్కడి నుంచే నాకు చీటీలు తట్టాయి. నలభై ముగ్గురూ అడిగారు, నలభై సీట్లు, ఎవరి కారణం ఎంత గొప్పదో కొలిచే తూకం మన దగ్గర లేదు, మరి చీటీలు వేస్తే ఏం? ఈ ఫిబ్రవరిలో స్టాఫ్ మీటింగ్‌లో అన్నాను. నవ్వారు. పిల్లల భవిష్యత్తు చీటీ పాటా అన్నారు. విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతి సీట్లకి కేంద్రీయ విద్యాలయాల్లో లాటరీయే తీస్తారు, అప్పుడెవరూ నవ్వరు. తమిళనాడు ఉత్తరమేరూరులో పదో శతాబ్దపు చోళుల శాసనాలు ఉన్నాయి. ఊరి సంఘాలకి మనుషుల్ని ఎంచడానికి తాటాకుల మీద పేర్లు రాసి కుండలో వేసి, ఒక చిన్న పిల్లాడి చేత తీయించేవారని గోడ మీద చెక్కి ఉంది. అక్కడ కూడా ఎవరి పేరు కుండలోకి వెళ్ళవచ్చో ముందే నిబంధనలు ఉన్నాయి. భూమి ఉండాలి, చదువు ఉండాలి. అంటే తాళాలు అప్పుడూ ఉన్నాయి. ఈ మాట హిస్టరీ సార్ గుర్తుచేశారు, నేను కుండ గురించి మురిసిపోతుంటే.

చీటీలకి ఒప్పుకోలేదు. మా ప్రిన్సిపల్ మేడమ్ అన్న మాట ఆలోచించదగ్గదే. "చీటీ తీస్తే మనం ఆలోచించడం మానేసినట్టు కదా మాస్టారూ. పేరెంట్ వచ్చి అడిగితే ఏం చెప్తాం, కుండ ఇచ్చింది అంటామా?" సాఫ్ట్‌వేర్ ఇచ్చింది అనడానికి, కుండ ఇచ్చింది అనడానికి తేడా ఏమిటో నాకు తెలుసు. కుండకి తాళాలు ఉంటే అందరికీ కనిపిస్తాయి. కానీ ఆవిడ చెప్పిందాంట్లో నిజం ఉంది. చక్రాల కుర్చీ పిల్ల పేరు కుండలో వేయకూడదు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చూసి, ఇది వేరు అని చెప్పాలి. ఆ చూపు కావాలి, ఆ చూపే సిఫార్సుకి కూడా దారి ఇస్తుంది. రెండిటినీ వేరుచేసే బటన్ ఇంకా ఎవరూ పెట్టలేదు.

చివరికి మూడు విషయాలకి ఒప్పించగలిగాను. ఫారంలో రెండో ఎంపిక తప్పనిసరి, మొదటిది కానిదే రాయాలి, ఖాళీగా వదిలితే ఆన్‌లైన్ ఫారం ముందుకు వెళ్ళదు. నా 1, 10 తీసేశాను. అందరూ ఒకటే, సమానంగా ఉన్నచోట సాఫ్ట్‌వేర్ యాదృచ్ఛికంగా తీసుకుంటుంది (అంటే చీటీయే, ఆ పేరుతో పిలవకుండా). తాళం వేస్తే పక్కన కారణం రాయాలి, ఎవరు వేయమన్నారో కూడా. మూడోదానికి మేడమ్ కాసేపు నా మొహం వంక చూసి "సరే, ట్రై చేద్దాం" అన్నారు.

ఈ ఏప్రిల్లో సైకాలజీకి 46 మంది వచ్చారు. ఫారాలకి ఆఖరి రోజు సాయంత్రం ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. పన్నెండుకి వచ్చింది ఇప్పుడు, కొంచెం పొడవైంది. వెనకాల ఆమె పెదనాన్న కొడుకట, పదో తరగతి రాసి మా స్కూల్లో చేరుతున్నాడు. నాయనమ్మ ఎలా ఉందని అడగాలనిపించింది. అడిగితే ఫారం చదివానని తెలిసిపోతుంది. చదివి ఏమీ చేయలేదనీ తెలిసిపోతుంది. అడగలేదు.

"సార్, తమ్ముడి ఫారం సబ్మిట్ అవ్వట్లేదు. సెకండ్ ఆప్షన్ ఖాళీ ఉంటే తీసుకోవట్లేదు" అంది.

"ఖాళీగా ఎందుకు వదిలాడు?"

"నేనే వదలమన్నా సార్."

చాలా మామూలుగా అంది, నా మీద కోపమేమీ లేకుండా. ఎవరు చెప్పారో, ఎప్పుడు కనిపెట్టిందో నేను అడగలేదు. "ఈసారి అలా కుదరదమ్మా, అందరూ రాయాల్సిందే" అన్నాను.

"అందరూనా సార్?"

అందరూనే అన్నాను. టేబుల్ మీద ఫోన్ బోర్లా పెట్టి ఉంది. ఎవరి పేరో ఒకటి తాళం వేయమని మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చిన మెసేజ్‌కి నేనింకా జవాబు ఇవ్వలేదు.